గుడ్డెలుగు ముక్కు మీద చిల్లు

కిందటి వారం మంజులతను కల్వకుర్తి బస్టాండు ముందు, నడిరోడ్డు మీద వదిలేసి వచ్చాం. టాటా ఏస్ బండిలో దుప్పటి కప్పుకుని పడుకున్న గుడ్డెలుగు, ఆ దుప్పటి గాలికి లేచిపోగా చుట్టూ మూగిన జనం, "అయ్యో, ఎవల్నో దవాఖానకు తీస్కపోతాండ్రు పాపం" అంటూ తొంగి చూసి కెవ్వుమన్న జామపండ్ల బండి ఆవిడ, ఇదంతా మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వారం పత్రిక ఇంట్లో ఎవరో పకోడీలకు చుట్టేసి ఉంటే, మీకోసం నాలుగు మాటలు.

అచ్చంపేటలో గుర్వయ్య మెమోరియల్ కాలేజీ ఉంది. అందులో మంజులత జువాలజీ చెబుతుంది. ఆమె చేతికింద ఒక మ్యూజియం గది ఉంది. గాజు జాడీల్లో పాములు, దూది కూరిన పక్షులు, గుమ్మం పక్కన రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డ ఒక గుడ్డెలుగు. కాలేజీ పెట్టిన గుర్వయ్యగారు పడుచు వయసులో నల్లమల అడవిలో ఆ ఎలుగుతో తలపడి, రెండు కళ్ల నడుమ బల్లెం దించి చంపారని కాలేజీ గోడ మీద ఎర్రరంగుతో రాసి ఉంది. గుర్వయ్యగారు పోయారు. కొడుకు కమలాకర్ ఇప్పుడు కరస్పాండెంటు. మ్యూజియం తీసేసి ఆ గదిలో క్యాంటీన్ పెడతానని ఏడాదిగా ఒంటికాలి మీద నిలబడ్డ ఈ పెద్దమనిషి, సీటీ స్కాన్ మాట వినగానే మెత్తబడ్డాడు.

ఆ మాట ఎత్తింది మంజులతే. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థ పాత మ్యూజియాల్లోని జంతువులను కోయకుండా, కుట్టు విప్పకుండా స్కాన్ తీయించి, లోపలి ఎముకల బొమ్మలను చదువుకునే పిల్లలందరి కోసం ఒకచోట చేరుస్తోంది. అందులో మన ఎలుగునూ చేర్పిద్దాం సార్, అంది. అటవీశాఖ అనుమతి కూడా తనే తిరిగి తెచ్చింది. కమలాకర్ ఒప్పుకున్నాడు, ఒక్క షరతుతో. పుర్రె మీద నాయిన బల్లెం దెబ్బ ఉంటుంది కదా, దాని బొమ్మ పెద్దగా తీసి ఇవ్వాలి. గురువారం ఆవిష్కరించబోయే నాయిన విగ్రహం కింద దాన్ని బిగిస్తాడు. బొమ్మ వస్తే మ్యూజియానికి కొత్త హాలు. రాకపోతే ఎలుగు స్టోర్ రూముకి, జాడీలు పెంటకుప్పకి, ఆ గదిలో ఇడ్లీ సాంబారు.

అడవి అంచు చెంచు గూడేల నుంచి వచ్చే పిల్లలు పుస్తకం తెరిస్తే తలదించుకుని కూర్చుంటారు. అదే పిల్లలు ఆ గదిలో అడుగుపెడితే ఒకరి మీద ఒకరు పడి మాట్లాడతారు. అది చూసినప్పటి నుంచి మంజులతకు ఆ గది మీద ప్రాణం. ఇప్పుడు ఆ ప్రాణం ఒక ఎలుగు నెత్తి మీద ఉంది.

జనాన్ని తప్పించుకుని బండి స్కానింగ్ సెంటర్ వెనక గుమ్మం చేరేసరికి గ్లోరీ తలుపు తీసి ఎదురుచూస్తోంది. గ్లోరీ మంజులత దగ్గర చదువుకున్న పిల్లే. ఇప్పుడు ఇక్కడ సీటీ మిషను నడుపుతుంది. యజమాని డాక్టరుగారిని బతిమాలి, ఆదివారం మధ్యాహ్నం రోగులు లేని వేళను సంపాదించి పెట్టింది ఆమే.

"మేడం, ముందుగాల పేరు కొట్టాలె. లేకుంటె మిషను ముంగటికి పోదు," అంది కంప్యూటరు ముందు కూర్చుంటూ.

"గుడ్డెలుగు అని కొట్టు."

"ఇంటిపేరు?"

"నల్లమల అని పెట్టు తల్లీ."

"వయసు?"

"ఎవలకెరుక? అరవై అని కొట్టు."

"మగనా, ఆడనా?"

మంజులత ఆగింది. తోలు కుట్టినవాడు పొట్ట కింద అంతా గుడ్డ వేసి బిగించేశాడు. చూసి చెప్పడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. "కాలేజీల అందరు మగదనే అంటరు," అంది నసుగుతూ.

"ఆడ అని కొడితె, కడుపుతోని ఉన్నదా అని అడుగుతది మేడం ఈ మిషను. మగ అనే కొడ్త. పంచాదే లేదు."

బండి నడిపిన లింగస్వామి కాలేజీ అటెండరు కూడా. తల దిక్కు తాను పట్టనని మొండికేశాడు. గాజు కళ్లు తననే చూస్తున్నాయట. కాళ్ల దిక్కు అతను, చేతుల దిక్కు ఆడవాళ్లిద్దరూ పట్టి, ఎలుగును వెల్లకిలా మిషను బల్ల మీద పడుకోబెట్టారు. పైకెత్తిన చేతులు రెండూ తలకు అవతల బారుగా చాపుకుని అది హాయిగా ఇమిడిపోయింది.

"అందరికీ చేతులు పైకి లేపుండ్రి, చేతులు పైకి లేపుండ్రి అని చెప్పి చెప్పి నా నోరు పోతది," అంది గ్లోరీ బెల్టు బిగిస్తూ. "ఈయన ఇంటికాడి నుంచే లేపుకొని వచ్చిండు. గిసుంటి పేషెంటు రోజుకొక్కరొస్తె చాలు."

తలుపు మూసి అద్దం ఇవతలికి వచ్చారు. బల్ల కదిలింది. మిషనులో రికార్డు చేసిన గొంతు ఎప్పటిలాగే పలికింది. ఊపిరి పీల్చుకోండి, బిగబట్టండి, కదలకండి. ఎలుగు మూడు మాటలకూ లొంగి ఉంది. లింగస్వామి మాత్రం నిజంగానే ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు, గ్లోరీ వీపు మీద చరిచేదాకా వదల్లేదు.

తెర మీద బొమ్మ రావడం మొదలైంది.

పొట్ట నిండా వరిగడ్డి. దాని మధ్యలో ఇనుప ఊచలు, వాటి చుట్టూ తెల్లటి చారలు చిమ్మినట్టు. వెన్నెముక లేదు, పక్కటెముకలు లేవు. అవి ఉండవని మంజులతకు ముందే తెలుసు. ఆ రోజుల్లో తోలు ఒలిచి కూర్చేవాళ్లు పుర్రెను, పంజాల ఎముకలను మాత్రమే లోపల ఉంచి, మిగతా ఒళ్లంతా గడ్డితో నింపేవాళ్లు. పంజాల్లో ఒక్కో వేలి ఎముకా విడివిడిగా, ముచ్చటగా కనబడుతోంది. తలలో పుర్రె ఎక్కడా చెక్కు చెదరకుండా ఉంది.

"మేడం, పై దవడ సూడుండ్రి. ముంగటి పండ్లు రెండు ఊడినయి."

"ఊడలే పిల్లా! గుడ్డెలుగుకు అక్కడ పండ్లు పుట్టనే పుట్టవు." మంజులత సంబరంగా కుర్చీ ముందుకు లాక్కుంది. "మిగతా ఎలుగులకు పైన ముందుపండ్లు ఆరుంటయి, దీనికి నాలుగే. గా సందులకెల్లి చెదలను పీల్చుకొని తింటది. ఇన్నేండ్ల సంది నల్లబోర్డు మీద గీసి చెప్తున్న, కండ్లతోని చూసుడు ఇదే మొదలు."

ఆమె కళ్లు చెమర్చాయి. చర్మాన్ని గీరకుండా, ఒక్క కుట్టూ విప్పకుండా, ఇన్నేళ్లు గుమ్మం పక్కన మౌనంగా నిలబడ్డ జంతువు లోపలి సంగతి మొత్తం విప్పి చెబుతుంటే సంతోషం ఆగలేదు. ఆ సంతోషంలో షరతు మాట కాసేపు మరిచిపోయింది కూడా.

గ్లోరీ ముక్కలు ముక్కలుగా వచ్చిన బొమ్మలను కలిపి నిండు పుర్రెగా నిలబెట్టింది. మౌసుతో మెల్లగా తిప్పింది. రెండు కళ్ల గూళ్లు, వాటి నడుమ నుదురు.

నున్నగా ఉంది. గీత లేదు, పగులు లేదు.

"ఇంకోసారి తిప్పు," అంది మంజులత. ఇంకోసారి తిప్పింది. నుదురు నుదురులాగే ఉంది.

"మేడం, గీడ ఏదో ఉన్నది," గ్లోరీ బొమ్మను కిందికి జరిపింది. కళ్ల నడుమ కాదు, బాగా కింద, ముక్కు ఎముక మీద గుండ్రటి చిల్లు. బొటనవేలు పట్టేంత. అది పైనుంచి కింద అంగిలి దాకా దిగింది. ఇంకొంచెం తిప్పితే దవడలు కనబడ్డాయి. నాలుగు కోరపళ్లు ఉండాల్సిన చోట ఒక్కటీ లేదు. కోర ఊడితే గుంట మిగలాలి. ఇక్కడ గుంటలు పూడిపోయి, వాటి మీద ఎముక సమంగా పెరిగి ఉంది.

మంజులత కుర్చీలో వెనక్కి వాలింది. చిన్నప్పుడు ఇదే కల్వకుర్తి అంగట్లో ఆమె అమ్మ కొంగు చాటు నుంచి ఒక ఎలుగును చూసింది. డమరుకం మోగుతుంటే వెనక కాళ్ల మీద లేచి అది ఊగుతుంటే జనం చప్పట్లు కొట్టారు. దాని ముక్కులో నుంచి ఒక తాడు బయటికి వచ్చింది. ఆ తాడు లాగినప్పుడల్లా అది లేచేది. తనకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

"గ్లోరీ," అంది గొంతు తగ్గించి, "ఇది అడవిల పట్టి సంపిన ఎలుగు కాదు. ఎవరో ఆడిచ్చిన ఎలుగు. పిల్లప్పుడే ముక్కుకు కాల్చిన చువ్వ దించి తాడెక్కిచ్చిండ్రు. కరవకుండ కోరపండ్లు పీకిండ్రు."

గ్లోరీ కుర్చీ ఇటు తిప్పింది. "మల్ల కమలాకర్ సార్ నాయిన బల్లెం?"

అంతలో ముందు గుమ్మంలో కారు ఆగింది.

కమలాకర్ వచ్చాడంటే ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా ముందు వస్తుంది, మీసం తర్వాత వస్తుంది, మనిషి ఆఖర్న వస్తాడు. ఇవాళ వెనక కర్ర ఊతంతో ఇంకొకరు కూడా దిగారు. వాళ్ల అమ్మ ఉప్పలమ్మ. మోకాలి నొప్పికి ఎక్స్‌రే తీయిద్దామని వెంట తెచ్చాడు. ఆమెను బయట బల్ల మీద కూర్చోబెట్టి, ఫ్యాను వేసి, తాను రెండంగల్లో లోపలికి వచ్చాడు.

"ఏం మేడం? దొరికిందా?"

తెర మీద ముక్కు చిల్లు అట్లాగే ఉంది. గ్లోరీ బొమ్మ మార్చేలోపే కమలాకర్ చూడనే చూశాడు. చూసి, చొక్కా మడతను కూడా మరిచి, బల్ల మీదికి వంగిపోయాడు.

"గదే! గదే గదా మేడం! సూసినవా గ్లోరీ, ఎంత గుండ్రంగ దిగిందో! మా నాయిన పోటు!" అతని వేలు తెర మీద చిల్లు చుట్టూ తిరిగింది. "చిన్నప్పటి సంది చెప్తాంటె నా ఎన్క నవ్వెటోళ్లు మేడం. గుర్వయ్య ఎలుగును సంపుడేంది, తునికాకు కాంట్రాక్టరుకు బల్లెమేంది అని. ఇప్పుడు మిషనే చెప్తాంది. ఎవడేమంటడో అననీ చూస్త."

కళ్లు తుడుచుకున్నాడు. దర్పం పోయి అతని ముఖం ఎనిమిదేళ్ల పిల్లవాడి ముఖంలా ఉంది. మంజులతకు జాలేసింది.

ఇక్కడ ఆమె చేయాల్సిన పని ఏమీ లేదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. చిల్లు అక్కడ ఉంది, అతనే చూశాడు, అతనే పేరు పెట్టాడు. కొత్త హాలు, కొత్త అద్దాల బీరువాలు, గాలి తగిలే కిటికీలు, అన్నీ ఆ మౌనంలో ఉన్నాయి. గ్లోరీ ఆమె వైపు చూసి, వెంటనే కీబోర్డు వైపు తలదించుకుంది. మంజులత నాలుక మీదికి "అవును సార్" దాకా వచ్చిందంటే మీరు ఆమెను తప్పు పట్టకండి. మీరూ నేనూ అయితే అనేసే వాళ్లమే.

"దీని కింద రాయాలె," కమలాకర్ ఊపులో ఉన్నాడు. "స్వర్గీయ గుర్వయ్యగారి బల్లెం పోటు. నిర్ధారించినవారు మంజులత, ఎం.ఎస్సీ. మీ పేరు ఉంటెనే దానికి ఇలువ. రేపటి నుంచి పిల్లలందరికి మీరే చూపిచ్చి చెప్పాలె."

ఆ ఆఖరి మాటే ఆమెను ఆపింది. తరగతిలో ముందు వరసలో కూర్చునే పిల్ల ఎవరో తప్పకుండా లేచి అడుగుతుంది, మేడం, అంచులు ఇంత నున్నగ ఎందుకున్నయి అని. అప్పుడు తాను ఏం చెప్పాలి?

"సార్," అంది. "అది బల్లెం పోటు కాదు."

"ఏందీ?"

"జర కూసోండి, చెప్త. సచ్చిపోయేటప్పుడు తగిలిన దెబ్బ అయితే ఎముక పగిలినట్టుంటది, అంచులు కోసుగుంటయి. దీని అంచులు చూడుండ్రి, గుండ్రంగ తిరిగి మెత్తగయినయి. అంటే చిల్లు పడ్డంక ఎన్నో ఏండ్లు ఇది బతికింది. మానిన గాయం సార్ ఇది." గ్లోరీ దగ్గర మౌసు తీసుకుని దవడ చూపించింది. "కోరపండ్లు గూడ అట్లనే. పీకినంక గుంటలు పూడి ఎముక పెరిగింది. దీన్ని ఎవరో తాడేసి ఆడిచ్చిండ్రు. నుదురు మీద అయితే ఏ దెబ్బా లేదు."

కమలాకర్ కూర్చోలేదు. బొమ్మను చూశాడు, ఆమెను చూశాడు, మళ్లీ బొమ్మను చూశాడు. ముఖంలోని పిల్లవాడు ఎటో పోయి కరస్పాండెంటు తిరిగొచ్చాడు.

"అంటే ఏందన్నట్టు? పండ్లు లేని ఎలుగుతోని, ముక్కుకు తాడున్న ఎలుగుతోని మా నాయిన కొట్లాడిండనా?"

"కొట్లాడిండని గాని లేదని గాని ఎముక చెప్పదు సార్. ఉన్నదే చెప్తది."

"నవ్వుతరు మేడం! ఊరంత పొట్ట పట్టుకొని నవ్వుతరు. విగ్రహం ఇయ్యాల లారీ ఎక్కింది. చేతిల నిలువెత్తు బల్లెం పట్టిచ్చిన." గొంతు పెరిగింది. "గ్లోరీ, తుడిచెయ్యి. అన్ని బొమ్మలు తుడిచెయ్యి."

"నేను మేడం కోసం తీసిన సార్," అంది గ్లోరీ కదలకుండా. "మేడం చెప్తె తుడుస్త."

బల్ల మీద, బొమ్మలు ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఉంది. కమలాకర్ దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "రేపు పొద్దుగాల ఆ గది ఖాళీ కావాలె. అర్థమైందా?"

మంజులతకు ఏడుపు వస్తుందేమోనని భయమేసి, లేచి నిలబడింది. నిలబడితే ఏడుపు ఆగుతుందని ఆమె నమ్మకం.

"క్యాంటీన్ పెట్టుకోండి సార్. గది మీది. గని బల్లెం అని రాసి కింద నా పేరు మాత్రం పెట్టకుండ్రి. పిల్లల ముంగట నేను గా మాట చదవలేను."

"ఎవల ముక్కురా అది?"

అందరూ వెనక్కి తిరిగారు. ఉప్పలమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. కొడుకు అరుపులు విని కర్ర పట్టుకుని తనే లేచి వచ్చింది.

"ఏం లేదమ్మా, నువ్వు కూసో పో," అన్నాడు కమలాకర్.

ఆమె వినలేదు. తెర వైపు ఒక్క క్షణం చూసి, అద్దంలోంచి పక్క గదిలోకి చూసింది. అక్కడ మిషను బల్ల మీద ఎలుగు చేతులు చాపుకుని పడుకుని ఉంది. తలుపు తోసుకుని నేరుగా దాని దగ్గరికి నడిచింది. మోకాలి నొప్పి మనిషి అంత చురుగ్గా నడవడం చూసి లింగస్వామి పక్కకు జరిగాడు. ఆమె ఒంగి, ఎలుగు మూతి మీద చెయ్యి వేసింది. తోలు కుట్టినవాడు ఆ చోట మైనం పూసి, వెంట్రుకలు అతికి, చిల్లు ఆనవాలు లేకుండా చేశాడు. ఇన్నేళ్లుగా రోజూ దుమ్ము దులిపే మంజులతకే తెలియదు. ఉప్పలమ్మ వేలు తడుముకోకుండా సరిగ్గా ఆ చోట ఆగింది.

"గీడనే ఉండె తాడు," అంది. "సుక్కమ్మా, నీకు గూడ ఫోటువ తీసిండ్రానే?"

ఆమె వెంటే లోపలికి వచ్చినవాళ్లలో ముందు తేరుకున్నది గ్లోరీ. "ఆడదా అవ్వా? నేను మగ అని కొట్టిన."

"మగదెట్లయితదే పిల్లా! రొమ్ము మీద తెల్లటి సుక్క జూసి నేనే పేరు పెట్టిన."

"అమ్మా," కమలాకర్ గొంతు సన్నబడింది. "నీకు ముందే ఎరుకనా? మల్ల నాయిన బల్లెం..."

ఉప్పలమ్మ ఎలుగు పక్కనే బల్ల అంచు మీద కూర్చుంది. కొడుకు ముఖం చూసి నవ్వింది. ఆ నవ్వులో వెటకారం లేదు, అలవాటైన ముద్దు ఉంది.

"నువ్వు అన్నం తినకపోతుంటివి కొడుకా. మూతి బిగబట్టుకొని కూసుంటుంటివి. మీ నాయిన నీ ముంగట చీపురుకట్ట పట్టుకొని, ఎలుగొచ్చింది, బల్లెం దించిన అని ఇల్లంత ఎగురుతుండె. నువ్వు నోరు తెరుసుకొని చూస్తుంటివి. గప్పుడు నేను బుక్క పెడుతుంటి. గంతే బల్లెం."

లింగస్వామి గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు.

"బడికి పోయి అందరికి జెప్పినవు. మీ సార్లు గూడ నమ్మిరి. ఇంటికొచ్చి మీ నాయిన మెడ పట్టుకొని, నువ్వు మొగోనివి బాపూ అంటివి. ఇగ కాదని ఎట్లంటడు? తర్వాత నువ్వు పెద్దగయి గోడ మీద రాపిస్తివి. నీ సంబురం ఎందుకు పాడుజెయ్యాలె అని ఇద్దరం ఊకున్నం. అన్నం తినిపియ్యనీకి చెప్పిన కథను నువ్వు కాలేజీ గోడకెక్కిచ్చినవు బిడ్డా."

కమలాకర్ మెల్లగా అక్కడి స్టూలు మీద కూలబడ్డాడు. మంజులతకు అతన్ని చూస్తే మళ్లీ జాలేసింది. కాసేపటి కింద తన గదిని ఖాళీ చేయమన్న మనిషి మీద ఇంత జాలి ఎందుకో ఆమెకే తెలియలేదు.

"మల్ల తాడేసిందెవరు? పండ్లు పీకిందెవరే?" అని అడిగాడు.

"మా నాయిన."

"తాతనా? తాతకు హుజూర్‌నగర్ దిక్కు భూములుండె అంటివి గదా!"

"భూములేడియిరా? ఆయనకు ఎలుగే భూమి, ఎలుగే పంట. ఊరూరు తిప్పి ఆడిచ్చెటోడు. దాని పండ్లు పీకిన్నాడు నేను పక్కన్నే ఉన్న. అది ఏడ్సిన ఏడుపు ఇయ్యాలటికీ నా చెవులల్ల ఉన్నది." కొంగుతో ఎలుగు గాజు కన్ను మీద దుమ్ము తుడిచింది. "హుజూర్‌నగర్ అంగట్ల మీ నాయిన మూటలు మోసెటోడు. అంగడి అంగడికి వచ్చి సుక్కమ్మకు జామపండు పెట్టెటోడు. ఎలుగు కోసం వస్తాండనుకున్న. నా కోసమని శాన తర్వాత ఎరుకయింది."

గ్లోరీ ఇక ఆగలేక నవ్వేసింది. మంజులత కూడా.

"ఓనాడు పట్టపగలు మా నాయిన కల్లు తాగి పండుకున్నడు. గప్పుడు తాడు కోసి, దాన్ని తోలుకొని, ఇద్దరం నల్లమల తొవ్వ పట్టినం. మా ఇంట్లనే బతికింది. నువ్వు పాకుతున్నప్పుడు ముసలిదయి, అంబలి తాగి, నా ఒడిల తల పెట్టి పోయింది. పూడ్సనీకి మనసొప్పక మీ నాయిన పట్నం తీస్కపోయి గిట్ల కుట్టిచ్చుకొచ్చిండు."

కమలాకర్ ముఖం కొంచెం తేటపడింది. వెతుక్కుంటున్న మనిషికి ఏదో దొరికినట్టుంది. "అయితే తాడు కోసింది నాయిననే గదా? అదేమన్న తక్కువ ధైర్యమా? ఎలుగు లేసి మీద పడితె?"

"మీ నాయినా!" ఉప్పలమ్మ రెండు చేతులూ చరిచింది. "ఆయన చింతచెట్టు సాటున నిలబడి, వద్దు ఉప్పలా, కరుస్తది ఉప్పలా అని గజగజ వణుకుతాండె. కరవనీకి దానికి పండ్లేడియి? తాడు కోసింది నేను. కొడవలి నాది."

ఎక్కడి నుంచో కిచకిచమని శబ్దం మొదలైంది. మంజులత చూసేసరికి అది కమలాకర్. భుజాలు కదిలిపోతున్నాయి. ముందు ఏడుస్తున్నాడనుకుంది. కాదు, నవ్వుతున్నాడు. "వణికిండా? నాయిన వణికిండా అమ్మా?" అంటూ కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. నవ్వీ నవ్వీ, ఏదో గుర్తొచ్చి టక్కున ఆగిపోయాడు.

"అమ్మా, విగ్రహం! గురువారం! నన్నేం చెప్పమంటవే మైకు ముంగట?"

ఉప్పలమ్మ అరచెయ్యి చాపింది. "ఆ పిల్ల సొమ్ము నీ జేబులున్నది. ముందుగాల అదియ్యి."

కమలాకర్ పెన్‌డ్రైవ్ తీసి అమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొంగున ముడివేసుకుంటూ మంజులత వైపు తిరిగింది. "నీ గది ఎటు పోదు బిడ్డా, ఫికర్ జెయ్యకు. సుక్కమ్మ ముచ్చట ఎముకల్ల చదివి చెప్పినవు. నేను తప్ప ఎవరికి ఎరుకలేనిది నువ్వు జెప్పినవు." మంజులతకు ఈసారి నిలబడ్డా ఏడుపు ఆగలేదు.

"మైకు ముంగట నువ్వేం జెప్పకు కొడుకా, నాకియ్యి," అంది ఉప్పలమ్మ కర్ర అందుకుని లేస్తూ. "నేను కథ సగమే జెప్పిన. తాడు కోసినంక మా ఎంబడి కట్టె పట్టుకొని నల్లమల దాక ఉరికినోడు ఒకడుండె. నన్ను చేసుకుంట అని మా నాయినకు మాటిచ్చినోడు. వాడింక బతికే ఉన్నడు. గురువారం నాడు విగ్రహం ముసుగు తియ్యనీకి నువ్వు పిలిచింది వాన్నే."